వెన్నెలగూడ మనుషులు

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 2006

సాగరన్నకు,

క్షేమసమాచారాలు చివర రాస్తాను. ముందు పోట్లాట.

నీ ‘శిలావర్తం’ మూడో భాగం నిన్న మధ్యాహ్నం అయిపోయింది. ఫోన్ చేసి తిడదామనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు మాట మారుస్తావు, గట్టిగా అడిగితే పెద్దమ్మ చేతికిచ్చి తప్పించుకుంటావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

నాచిని ఎందుకు చంపావు?

మొదటి భాగంలో తుఫానులో యువరాజు రణకేతును సరస్సు దాటించింది ఆ పిల్లే. రెండో భాగంలో నీళ్ల రంగు చూసి రాక్షససైన్యం ఎటునుంచి వస్తుందో చెప్పిందీ ఆ పిల్లే. చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టిన నాచి లేకపోతే నీ యువరాజు ఎప్పుడో మునిగిపోయేవాడు. అలాంటి పిల్లను తెచ్చి, చీకట్లోంచి ఎవడో వేసిన బాణానికి అడ్డంగా నిలబెట్టావు. మూడు వాక్యాల్లో పోయింది. తర్వాత యువరాజు శపథం మాత్రం పేజీలకు పేజీలు. శపథం చేయడానికి ఆయనకో శవం కావాలి, దగ్గర్లో ఈ పిల్ల కనబడింది. అంతేనా?

నీ పుస్తకం ఇక్కడ నేనొక్కదాన్నే చదవనని నీకు తెలుసు. కరెంటు తీసేసే వేళకు నా టైలరింగ్ షాపులో మిషన్లు ఆగిపోతాయి. గుండీలు, కాజాలు చేతిపని కాబట్టి అందరం గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుంటాం. వాళ్లు కుడుతుంటే నేను చదువుతాను. కొత్తగా ఇంద్రమ్మ అని ఒకామె చేరింది. పొద్దున కుంట దగ్గర చేపలు తీసుకుని ఊళ్లో అమ్ముకుని, మధ్యాహ్నం వచ్చి బడి బట్టలకు గుండీలు కుడుతుంది. నాచి పోయిన చోట చదివి నేను పేజీ తిప్పాను. ఆమె సూది ఆపింది.

“జర ఆగు. ఎనుకకు పో. ఏదో ఇడిసిపెట్టినవ్.”

“ఏం ఇడిసిపెట్టలే ఇంద్రమ్మా. గంతే రాసిండు.”

“గంతేనా? గుర్రం సచ్చినప్పుడు అంతసేపు చదివితివి గద.”

పక్కన కాజాలు కుడుతున్న రేణుక అందుకుంది. “గుర్రానికి పేరు గూడ ఉండె.”

వెతికి చూశాను. అవును, గుర్రం పేరు మేఘవర్ణ. యువరాజు కత్తికి పేరుంది, కత్తి ఒరకు పేరుంది. ఆయనకు తిండిపెట్టి దాచిన ముసలి పడవవాడికి పేరు లేదు. ‘ఒక జాలరి’ అని రాశావు. నాచి పోయిన పేజీలోనే ‘ఆ రాత్రి వెన్నెలగూడ బూడిదైంది’ అన్నావు. జాలర్లందరూ ఉండే ఊరు కదా అది. ఒక్క వాక్యంలో ఊరు కాలిపోతుందా? ఎవరు అరిచారు, ఎవరు నీళ్లు పోశారు, ఎవరు బతికారు?

నాకు సమాధానం కావాలి. మేమంతా బాగున్నాం. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?

చెల్లె,
తిరుమల


మీర్‌పేట్,
ఆగస్టు చివర

చెల్లె తిరుమలకు,

నీ ఉత్తరం చదివి అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను కొంచెం.

జానపద నవలకు ఒక పద్ధతి ఉంటుంది తిరుమలా. నాయకుడు పోగొట్టుకోవాలి. పోగొట్టుకోనివాడు యుద్ధానికి ఎందుకు పోతాడు? రాజ్యాలు పోతాయి, ఊళ్లు కాలిపోతాయి. కాలిన ప్రతి ఊరి కోసం ఆగి ఏడిస్తే కథ కోటదాకా చేరదు. ఇంత పెద్ద కథలో పాఠకుడి కన్ను ఎక్కడుండాలో రచయిత తేల్చాలి. నా కథలో అది రణకేతు మీద ఉండాలి. నాచి మంచి పాత్రే, కాదనను. మంచి పాత్ర పోతేనే కదా నీకింత కోపం వచ్చింది. అంటే రాత పనిచేసినట్టే.

మీ ఇంద్రమ్మకు చెప్పు, గుర్రానికి పేరుండటం ఆచారం.

నాలుగో భాగం గురించి ఇప్పుడేం అడగకు. ఒక కంపెనీలో రాతపని దొరికింది. జీతం నెలనెలా వస్తోంది, అద్దె కోసం ఇంటాయన గుమ్మంలో నిలబడటం మానేశాడు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి.

నీ అన్న,
విద్యాసాగర్


ఇబ్రహీంపట్నం,
అక్టోబరు

సాగరన్నకు,

నాకు జానపద నవల నేర్పుతున్నావా? బడి రోజుల నుంచీ శాఖా గ్రంథాలయంలో ఆ బీరువా మొత్తం చదివినదాన్ని నేను. అట్టలు ఊడినవి, చివరి పేజీలు లేనివి కూడా చదివాను. చివర లేని వాటికి చివర నేనే చెప్పుకున్నాను.

ఆ పుస్తకాలంటే నాకెందుకంత ఇష్టమో నువ్వెప్పుడూ అడగలేదు. కత్తుల కోసం కాదు. అవి పెద్దవి కాబట్టి. చిన్న కథ చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. ఇవి అలా కాదు. లోపలికి పోతే నెలల తరబడి అక్కడే ఉండొచ్చు. సంతలో ఏం అమ్ముతారో, వానాకాలంలో ఏ దారి మునుగుతుందో తెలిసిపోతుంది. అట్ట మూసినా ఆ ఊరు అక్కడే ఉంటుందనిపిస్తుంది. అందుకే కోపం. నన్ను అంతకాలం ఒక ఊళ్లో ఉంచి, అక్కడి మనుషులతో కలిపి, తర్వాత ‘వాళ్లు లెక్కలోకి రారు, కన్ను రాజు మీద పెట్టు’ అంటే ఎలా? కన్ను ఎక్కడ పెట్టాలో నాకూ తెలుసు.

ఎంతసేపూ రాజ్యం పోయిన పిల్లవాడే ఎందుకు ఉంటాడు ఈ కథల్లో? అడవిలో పెరుగుతాడు, భుజం మీద మచ్చ ఉంటుంది, మచ్చ చూడగానే అందరూ మోకరిల్లుతారు. అన్నం పెట్టి పెంచినవాళ్ల కంటే మచ్చ గొప్పదా? రాక్షసులని పేరుపెట్టి అంతమందిని నరికించావే, వాళ్లలో వంట చేసుకునేవాడు, పిల్లలున్నవాడు ఒక్కడూ లేడా? నీ యుద్ధాలు చదువుతుంటే చేలను తొక్కుకుంటూ పోయే ఏనుగులు గుర్తొస్తున్నాయి. ఆ చేలు ఎవరివని ఏ పుస్తకమూ అడగదు.

ఇంకొకటి. శిలావర్తం పటం గీసింది నేను. మీ ఇంట్లో పాత క్యాలెండరు వెనక, నువ్వు పక్కన కూర్చుని పేర్లు చెబుతుంటే. ‘వెన్నెలగూడ’ ఒక్కటి మాత్రం నేను పెట్టిన పేరు. మొదటి రెండు భాగాల్లో ‘పటం: తిరుమల’ అని వేయించావు. మూడోదాంట్లో పటం ఉంది, నేను లేను.

ఏం కంపెనీ అది? రాతపని అంటే ఏం రాత?

తిరుమల


మీర్‌పేట్,
నవంబరు

తిరుమలకు,

పని ఒత్తిడిలో ఉన్నాను, పొడుగ్గా రాయలేను. పటం కింద నీ పేరు పోవడం అచ్చు వేసేవాళ్ల పొరపాటు. కంపెనీ ప్రకటనల కంపెనీలాంటిదే. ప్రస్తుతం తుక్కుగూడ ఆఫీసులో కూర్చుంటున్నాను. అమ్మ నీకో చీర పంపింది, రంగు నచ్చకపోతే మార్చుకోవచ్చట.

సాగర్


ఇబ్రహీంపట్నం,
జనవరి 2007

విద్యాసాగర్‌కు,

చీర తిప్పి పంపుతున్నాను. నాకు రంగు నచ్చలేదని పెద్దమ్మకు చెప్పు, ఇంకేమీ చెప్పకు.

నువ్వేం రాస్తున్నావో తెలిసింది. మొన్న కొంగరకలాన్ బడికి బట్టలు ఇవ్వడానికి ఆటోలో పోతున్నాను. రోడ్డు పక్కన ఇంటి ఎత్తు బోర్డు. ‘వెన్నెలగూడ రాయల్ విల్లాస్. ఇక మీరే మహారాజులు.’ ఆటో ఆపించాను. బోర్డు మీద పటం ఉంది. నా పటం. నేను సరస్సు గీసిన చోట క్లబ్ హౌస్. రాక్షసుల అడవి ఫేజ్ టూ అయింది. కింద కుర్చీలో ఒకతను కాగితాలు పంచుతున్నాడు. నాకూ ఒకటిచ్చాడు. ‘వెన్నెల కురిసే ఈ గూడెంలో ఒక్కసారి అడుగుపెట్టినవారు తిరిగి వెళ్లరు’ అని మొదటి భాగం మొదటి వాక్యం. దాని కింద గజం ధర.

నాకు ఏడుపు రాలేదు. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అక్కడితో అయిపోతే నా కోపం నాలోనే ఉంచుకునేదాన్ని. ఒక పేరే కదా, పోనీ అనుకునేదాన్ని. కానీ మర్నాడు ఇంద్రమ్మ షాపుకు ఖాళీ గంపతో వచ్చింది. కుంట చుట్టూ కంచె వేశారు. వాళ్ల సొసైటీ వానాకాలంలో చేపపిల్లలు వదిలిన కుంట అది. ఇప్పుడు వల వేసే రోజులు. ఎప్పుడూ పోయే బాటలోనే పోతే గేటు అడ్డమొచ్చింది. ఆమె మాటల్లోనే రాస్తాను.

“వాచ్‌మన్ పిలగాడు, ఎక్కడికి పోతున్నవ్ అన్నడు. కుంటకాడికి అన్న. గిది వెన్నెలగూడ, లోపటికి పోవద్దు అన్నడు. నాకు నవ్వొచ్చింది తిరుమలా. నేను వెన్నెలగూడదాన్నే బిడ్డా అన్న. గా పిలగాడు కాయిదం తీసి చూసుకుంట, ప్లాట్ నంబరెంత అని అడిగిండు.”

రేణుక పక్కున నవ్వింది. ఇంద్రమ్మ నవ్వలేదు. “మా నాయిన నడిచిన బాట అది” అంది. ఖాళీ గంప పక్కన పెట్టి, “గా పుస్తకం రాసినాయనకు ఎరుకేనా ఇది?” అని అడిగింది.

ఏం చెప్పమంటావు? నీకు ఎరుకేనా?

మూడో భాగంలో వెన్నెలగూడను ఒక్క వాక్యంలో ఎందుకు తగలబెట్టావో ఇప్పుడు అర్థమైంది. జాగా ఖాళీ కావాలి కదా. నేనింకా అది రచన అనుకుని, లోపాలు వెతికి, ఉత్తరాలు రాశాను. నువ్వు గిట్ల జేస్తవని నేను అనుకోలే అన్నా. వేరే ఎవరు జేసినా గింత మండకపోవు.

ఆ పేరు తీయించు. కంచెలోంచి బాట ఇప్పించు. చేతకాకపోతే చేతకాదని ఒక ముక్క రాయి.

తిరుమల


మీర్‌పేట్,
జనవరి చివర

తిరుమలకు,

కోపం నీకొక్కదానికే వస్తుందనుకోకు.

మూడు భాగాలు రాశాను. అమ్ముడుపోని కట్టలు మంచం కింద ఉన్నాయి, అమ్మ వాటి మీద పప్పు డబ్బాలు పెడుతోంది. మూడో భాగం తర్వాత ప్రచురణకర్త నా ఫోన్ ఎత్తడం మానేశాడు. నాచిని తొందరగా తేల్చెయ్యమన్నదీ, యుద్ధం పెంచమన్నదీ ఆయనే. అలా చేస్తే అమ్ముడుపోతుందన్నాడు. పోలేదు. అప్పుడు ఈ కంపెనీ మేనేజరు రాజశేఖర్ నన్ను పిలిపించి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. “మీ ఊరి పేరులో ఏదో ఉంది సార్” అన్నాడు. పదేళ్లలో నా రాత గురించి ఎదురుగా కూర్చుని ఒక మంచి మాట చెప్పింది ఆయనొక్కడే. నువ్వు చెప్పావేమో, చెప్పినా తిట్లలో కలిపి చెబుతావు.

నువ్వు పుస్తకాల మీద అంత ప్రేమ ఒలకబోస్తున్నావు. ఒక కాపీ తెచ్చి షాపంతటికీ చదివి వినిపిస్తే రెండో కాపీ ఎవరు కొంటారు? ఎప్పుడైనా ఆలోచించావా?

కుంట ఉందని నాకు తెలియదు. ‘లేక్ వ్యూ’ అని రాయమన్నారు, రాశాను. కంచె నేను వేయలేదు. నేను రాసేవాణ్ని. వెన్నెలగూడ పేరు ఇంతమంది చదివింది మొదటిసారి ఆ బోర్డు మీదే, అది కూడా నీకు కిట్టకపోతే నేను చెప్పేదేమీ లేదు. ఇక రాయకు.

విద్యాసాగర్


మీర్‌పేట్,
ఏప్రిల్ 2007

చెల్లె తిరుమలకు,

రాయకన్నది నేనే, రాస్తున్నదీ నేనే. జరిగింది నీకు ఇంద్రమ్మ చెప్పే ఉంటుంది. నా వైపు నుంచి కూడా విను.

ప్రతి ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సుల్లో కొనేవాళ్లను సైటుకు తీసుకొస్తారు. ముందు బస్సులో మైకు నాది. దారిపొడుగునా శిలావర్తం కథ చెప్పడం నా పని. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. మార్చిలో ఆ ఆదివారం బస్సు స్వాగత తోరణం దగ్గర ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వలలు ఆరేసి ఉన్నాయి. వాటి పక్కన ఎండలో సొసైటీవాళ్లు, ఆడవాళ్లు, అందరూ కూర్చున్నారు. ఎవరూ అరవడం లేదు. ఒకామె వల చిరుగు కుట్టుకుంటోంది. చేయి కదిలే తీరు చూసి, ఈమే నీ షాపులో గుండీలు కుట్టే ఇంద్రమ్మ అనుకున్నాను.

రాజశేఖర్ వాచ్‌మన్లను పిలుస్తున్నాడు. గొడవ కాకూడదని నేనే దిగి ఆమె దగ్గరికి పోయాను.

“అమ్మా, నాతో రా. నిన్ను నేను లోపలికి తీసుకుపోతా. ఎవ్వరూ ఆపరు.”

“నువ్వెవరు బిడ్డా?”

“ఈ వెన్నెలగూడ కథ రాసినోణ్ని.”

గర్వంగానే చెప్పాను తిరుమలా. ఆమె వల కింద పెట్టి నన్ను చూసింది.

“నువ్వేనా? నీ యెంట సుట్టమోలె ఎందుకొస్త? బాట మాది, మేం నడిచే వస్తం. గది ఇడిసిపెట్టు. నాచిని ఎందుకు సంపినవ్?”

పద్ధతి, ఆచారం, నాయకుడు పోగొట్టుకోవాలి, నీకు రాసినవన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ ఆమె ముందు చెప్పదగ్గదిగా కనబడలేదు. ఆమె మళ్లీ, ఈసారి గట్టిగా, “అడుగుతున్న గద. ఏం తప్పు జేసింది పిల్ల? ఎందుకు సంపినవ్?” అంది. వెనక కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు, “అవ్, చెప్పు” అన్నారు. వాళ్లకూ నువ్వు చదివిన కథ చేరినట్టుంది.

బస్సు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ముందు సీట్లోని పెద్దమనిషి దిగొచ్చి రాజశేఖర్‌ను అడిగాడు. “ఏంటండీ, ఇక్కడ ఎవరో అమ్మాయి హత్య జరిగిందా?” రాజశేఖర్ లేదంటే, “మరి ఆయన్ను పట్టుకుని అడుగుతున్నారు కదా” అన్నాడు. అది కథ అని నేను చెప్పేలోగా రెండో బస్సుకు కబురు పాకింది. వెన్నెలగూడ సైటులో నాచి అనే పిల్లను చంపి కుంటలో వేశారట. బస్సులు వెనక్కి తిరిగాయి. మర్నాటికి బయానా ఇచ్చినవాళ్లు ఆఫీసుకు ఫోన్లు చేశారు. తర్వాతి ఆదివారం కూడా వలలు రోడ్డు మీదే ఆరాయి.

కంపెనీ పేరు మార్చేసింది. ఇప్పుడది ఏదో ఇంగ్లీషు పేరు, ఎవరి కథలోదీ కాదు. కంచె జరిపి కుంటకు బాట వదిలారు. వదిలింది నా మాట మీద కాదు, నన్ను ఆ రోజే తీసేశారు. “నీ కథతోనే మునిగినం” అన్నాడు రాజశేఖర్. కుర్చీ వేయలేదు ఈసారి.

ఇంట్లో కూర్చుని నాలుగో భాగం మొదలుపెట్టాను. ఎవరు అచ్చు వేస్తారో తెలియదు. మొదటి అధ్యాయం ఈ కవరులో ఉంది. కరెంటు పోయినప్పుడు చదువు. ఇంద్రమ్మ ఏమంటుందో రాయి.

నీ అన్న,
సాగర్


ఇబ్రహీంపట్నం,
మే 2007

సాగరన్నకు,

చదివాను. అందరం విన్నాం. నీకు సంతోషం కలిగించే మాట రాయలేకపోతున్నాను.

మూడో పేజీలో ఒక ముని వచ్చి ఏదో మూలిక పిండి నాచిని లేపాడు. అయిదో పేజీలో రణకేతు కోట తలుపులు తెరిపించి జాలర్లందరికీ బాట ఇచ్చాడు, విందు పెట్టాడు. రేణుక, “గింత జల్ది ఇచ్చిండా?” అంది. అంతా నవ్వారు. మాకు వదిలిన బాట నువ్వు చూశావా? రెండు వైపులా ముళ్ల తీగ. గంప నెత్తిన పెట్టుకున్న మనిషి ఎదురుగా ఇంకో మనిషి వస్తే ఒకరు వెనక్కి నడవాలి. దానికోసం వాళ్లు ఎండలో కూర్చున్నారు, ఒకాయన సొమ్మసిల్లి పడిపోయాడు. నీ అధ్యాయంలో ఎండే లేదు. రాజుకు దయ కలగగానే తలుపు తెరుచుకుంది. ఇప్పుడైనా కన్ను ఎవరి మీద పెట్టావో చూసుకో.

అది సర్దుకోవచ్చు. అసలు గొడవ నాచి గురించి. ముని మూలిక పిండగానే ఇంద్రమ్మ, “సాలు, ఆపు” అంది.

“సచ్చిన పిల్లను లేపుమని ఎవరన్నరు?”

“నువ్వే గద అడిగినవ్ ఇంద్రమ్మా, ఎందుకు సంపినవని.”

“ఎందుకని అడిగితే లేపుమన్నట్టా? లేస్తరా ఎవరన్న? నాచికి తల్లి లేదా తిరుమలా? మూడు పుస్తకాలు చదివితివి, ఒక్కసారి గూడ తల్లి రాలే. పిల్ల సచ్చిపోతే తల్లి యాడ పోయింది? యువరాజు ఏడిస్తే సరిపోతదా?”

నేను అన్ని భాగాలూ తిరగేశాను. నిజమే, లేదు. ఇన్ని తప్పులు పట్టినదాన్ని, నాకూ తట్టలేదు.

నీకో సంగతి రాయలేదు ఇంతకాలం. ఇంద్రమ్మకు ఒక బిడ్డ ఉండేది, బుచ్చి. నా షాపులోనే కాజాలు నేర్చుకుంది. పోయిన ఎండాకాలం జ్వరంతో చనిపోయింది. ఆ తర్వాతే ఇంద్రమ్మ వచ్చి బుచ్చి కూర్చునే పీట మీద కూర్చుంది. ఆగస్టులో నీకు మొదటి ఉత్తరం రాసినప్పుడే ఇది రాసి ఉంటే నువ్వు జాలిపడి ఏదో మెత్తగా సమాధానం చెప్పేవాడివి. ఆమె ప్రశ్నను ప్రశ్నలాగే వినాలని రాయలేదు. ఇప్పుడు కూడా జాలి వద్దు, ఆమెకు నచ్చదు.

అధ్యాయం తిప్పి పంపుతున్నాను. మునిని తీసేయ్. నాచిని పోనివ్వు. ఆ తర్వాత, యుద్ధం సంగతి ఎత్తకముందు, ఆమె తల్లిని రాయి. ఆమె పేరేంటో, ఆ పూట పొయ్యి వెలిగించిందో లేదో, నాచి పడవను ఏం చేసిందో. ఏం రాయాలో నువ్వే చెప్పమని నేను ఇంద్రమ్మను అడిగాను. చేతిలో చొక్కా గుండీ పూర్తి చేసి దారం తెంపి, అప్పుడంది:

“ఆయన్నే రాయమను. తప్పు రాస్తే నేను చెప్త.”

తిరుమల